పియానోలో మాస్టర్స్: పెద్ద స్కూలా, చిన్న స్కూలా?

కర్నూలు నుంచి మీరు పంపిన ప్రశ్నను, మిగతావారికి కూడా అర్థమయ్యేలా, ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మాయి చర్చిలో కీబోర్డు వాయిస్తూ మొదలుపెట్టి, తర్వాత హైదరాబాదు వెళ్లి వస్తూ పియానో నేర్చుకుని, లండన్ ట్రినిటీ కాలేజీ నిర్వహించే సంగీత పరీక్షల గ్రేడ్లన్నీ పూర్తి చేసి, సంగీతంలోనే డిగ్రీ తీసుకుంది. పియానో పర్ఫార్మెన్స్‌లో మాస్టర్స్ చేయడానికి అమెరికాలో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి సుమారు 1,600 మంది విద్యార్థులున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయపు మ్యూజిక్ స్కూలు. అక్కడ ట్యూషన్ ఫీజులో సగం తగ్గిస్తామన్నారు. రెండోది 200 మంది మాత్రమే ఉన్న చిన్న స్కూలు. అక్కడ ఫీజు మొత్తం మాఫీ చేసి, గాయకులకూ ఇతర వాద్యకారులకూ తోడుగా పియానో వాయించే అసిస్టెంట్‌షిప్ కింద నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తామన్నారు. పెద్దదాని పేరు అందరూ విన్నదే కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టయినా అక్కడికే పంపమని బంధువులు అంటున్నారు. చదువు ముగిశాక తిరిగి వచ్చి కర్నూలులోనే పియానో నేర్పాలని అమ్మాయి కోరిక. ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పాలి.

నేను అనంతపురంలో పెరిగి, బెంగళూరులో నేర్చుకుని, మాస్టర్స్ ఒక పెద్ద స్కూల్లోనూ డాక్టరేట్ ఒక చిన్న స్కూల్లోనూ చేశాను. ఇప్పుడు మళ్లీ అనంతపురంలోనే పాఠాలు చెబుతున్నాను. మన జిల్లాల నుంచి వెళ్లే పిల్లలు ఏ బలంతో వెళ్తారో, ఏ లోటుతో వెళ్తారో దగ్గరగా చూస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: మీరు రాసిన వివరాలను బట్టి చిన్న స్కూలే మీ అమ్మాయికి తగినది. అయితే అది చిన్నది కావడం వల్ల కాదు. అందుకు ఉన్న కారణాలు, వాటితో పాటు మీరు తప్పనిసరిగా అడిగి తెలుసుకోవలసిన విషయాలు కింద వివరిస్తాను. అక్కడి నుంచి వచ్చే జవాబులు తేడాగా ఉంటే నా సలహా కూడా మారుతుంది.

ముందుగా బంధువుల మాట సంగతి చూద్దాం. పెద్ద స్కూలంటే గొప్ప స్కూలని, చిన్నదంటే తక్కువదని మనకు ఒక భావన ఉంది. ఇంజినీరింగు కాలేజీలను చూసి ఏర్పడిన భావన అది. సంగీతం విషయంలో అది నిలవదు. బ్లూమింగ్టన్‌లోని ఇండియానా విశ్వవిద్యాలయపు జేకబ్స్ స్కూల్లోనూ, డెంటన్‌లోని నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయపు సంగీత కళాశాలలోనూ దాదాపు 1,600 మంది చొప్పున చదువుతారు. రెండూ మంచి పేరున్నవే. హ్యూస్టన్‌లో రైస్ విశ్వవిద్యాలయపు షెపర్డ్ స్కూల్లో మొత్తం 300 మందికి అటూ ఇటూ ఉంటారు. యేల్ మ్యూజిక్ స్కూల్లో సుమారు 200 మందే ఉంటారు, 2005లో వచ్చిన పది కోట్ల డాలర్ల విరాళంతో అక్కడ ట్యూషన్ ఫీజే తీసేశారు. ఫిలడెల్ఫియాలో 1924లో మొదలైన కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో అంతకన్నా తక్కువ మంది, 160 వరకు, ఉంటారు. ప్రపంచంలో సీటు దొరకడం అతి కష్టమైన సంగీత విద్యాలయాల్లో అది ఒకటి. కాబట్టి తలల లెక్కను బట్టి చదువు నాణ్యతను అంచనా కట్టడం కుదరదు. ఆ లెక్క వల్ల మీ అమ్మాయి రోజువారీ జీవితంలో ఏం మారుతుందన్నదే ఆలోచించాలి.

ఇక్కడ పియానో విద్యార్థి పరిస్థితి మిగతావారి పరిస్థితికి భిన్నంగా ఉంటుంది. వయొలిన్, చెల్లో, క్లారినెట్ వాయించేవారికి ఏ స్కూలుకు వెళ్లినా ఆర్కెస్ట్రాలో ఒక కుర్చీ సిద్ధంగా ఉంటుంది. వారానికి ఇన్ని గంటలని పదిమందితో కూర్చుని వాయించడం వారి పాఠ్యక్రమంలోనే భాగం. వారికి స్కూలు పెద్దదైతే ఆర్కెస్ట్రా కూడా సాధారణంగా బలంగా ఉంటుంది. పియానోకు అలాంటి నిత్యమైన చోటు ఆర్కెస్ట్రాలో లేదు. కొన్ని ఇరవయ్యో శతాబ్దపు రచనల్లోనో, కన్‌చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్కరే ముఖ్యంగా వాయించే రచన) పోటీలో గెలిచినప్పుడో తప్ప ఆ అవకాశం రాదు. అందువల్ల పియానో విద్యార్థి మాస్టర్స్ రెండేళ్లూ మూడు పనుల చుట్టూ తిరుగుతాయి: వారానికి ఒకసారి ప్రొఫెసరు దగ్గర గంట పాఠం, రోజూ ఒంటరిగా చేసే సాధన, ఇతరులతో కలిసి వాయించడం. మొదటి రెండింటికీ స్కూలు పరిమాణంతో నేరుగా సంబంధం లేదు. మూడోదానికి ఉంది, కానీ చాలామంది అనుకున్న తీరులో లేదు.

పెద్ద స్కూల్లో వందలమంది గాయకులు, తంత్రీవాద్యకారులు ఉంటారు కాబట్టి కలిసి వాయించే అవకాశాలు కూడా అంతే ఎక్కువగా ఉంటాయని అనిపిస్తుంది. కానీ అక్కడ పియానిస్టులు కూడా అదే స్థాయిలో ఉంటారు, వారిలో డాక్టరేట్ చేస్తున్నవారు, తోడు వాయించడంలోనే డిగ్రీ చేస్తున్నవారు చాలామంది ఉంటారు. ఆ ఏడాది అందరికన్నా బాగా వాయించే చెల్లో విద్యార్థి తన రిసైటల్‌కు, అంటే సొంత కచేరీకి, ఎవరిని పిలుస్తాడు? రెండేళ్లుగా పరిచయమున్న, బ్రామ్స్ సొనాటాలు ఇప్పటికే రెండు మూడు సార్లు వేదికపై వాయించిన డాక్టరేట్ విద్యార్థిని పిలుస్తాడు. కొత్తగా వచ్చిన మాస్టర్స్ అమ్మాయి దాకా వచ్చేది మిగిలిన పని. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఆ వ్యవస్థ సహజంగా అలాగే నడుస్తుంది. చొరవగా పోయి పరిచయాలు పెంచుకునే స్వభావం ఉన్నవారు రెండో సెమిస్టరుకల్లా దాన్ని దాటేస్తారు. నెమ్మదస్తులైన పిల్లలు దాటలేక ప్రాక్టీస్ రూముకే పరిమితమైపోవడం నేను చూశాను. 200 మంది ఉన్న చోట పది పన్నెండు మంది పియానిస్టులే ఉంటే, మొదటి వారంలోనే గాయకులు వెతుక్కుంటూ వస్తారు. కాబట్టి మీరు అడగవలసిన అంకె మొత్తం విద్యార్థుల సంఖ్య కాదు. పియానిస్టులు ఎంతమంది, పియానో తోడు కావలసినవారు ఎంతమంది, ఆ పియానిస్టుల్లో డాక్టరేట్‌వారు ఎంతమంది అన్నవే అడగాలి. ఈ మూడూ అడిగితే ఏ స్కూలైనా చెబుతుంది.

పెద్ద స్కూలు ఇచ్చేది ఏదీ లేదని దీని అర్థం కాదు. అది ఇచ్చేవాటిలో అన్నిటికన్నా విలువైనది వినికిడి. జేకబ్స్ స్కూల్లో ఏడాదికి వెయ్యికి పైగా ప్రదర్శనలు జరుగుతాయి. సాయంత్రం హాస్టలు నుంచి నడుచుకుంటూ పోయి ఏదో ఒక హాల్లో కూర్చుంటే ఒక రోజు ఒపేరా, మరో రోజు చతుష్టయం, ఇంకో రోజు మీ అమ్మాయి నేర్చుకుంటున్న షోపిన్ బల్లాడ్‌నే వేరొకరు పూర్తిగా వేరే పద్ధతిలో వాయించడం వినవచ్చు. అటువంటి చోట గొప్పవారు కూడా ఏళ్ల తరబడి ఉండిపోతారు. బో-ఆర్ట్స్ ట్రయో అనే పియానో, వయొలిన్, చెల్లో త్రయాన్ని 1955లో స్థాపించి 2008 దాకా నడిపిన పియానిస్టు మెనహెమ్ ప్రెస్లర్ అదే 1955లో ఇండియానాలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, 2023లో కన్నుమూసేవరకూ ఆ స్కూలుతోనే ఉన్నారు. కర్నూలు పిల్లకు ఈ వినికిడి ఎంత అవసరమో నేను విడిగా చెప్పనక్కరలేదు. ఒక మంచి పియానోను హాల్లో కూర్చుని వినాలంటే మనం 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాదుకో, ఇంకా దూరం పోయి బెంగళూరుకో వెళ్లాలి. యూట్యూబ్‌లో విన్నది చెవికి ఎక్కుతుంది కానీ, చివరి స్వరం గాలిలో ఎంతసేపు నిలుస్తుందో, పెడల్ ఎప్పుడు వదిలితే హాలు శుభ్రపడుతుందో అందులో తెలియదు. చిన్న స్కూలుకు వెళితే ఈ విషయంలో నిజంగానే నష్టం ఉంటుంది. ఆ నష్టాన్ని ఊరు కొంత పూడ్చగలదు. చిన్న స్కూలు హ్యూస్టన్‌లాంటి నగరంలో ఉంటే నగరపు సింఫొనీ, ఒపేరా విద్యార్థి టికెట్టుకే దొరుకుతాయి. చిన్న పట్టణంలో ఉంటే దొరకవు. మీరు ఎంచుకునే చిన్న స్కూలు ఏ ఊళ్లో ఉందో పటంలో చూసి, ఆ ఊళ్లో ఈ ఏడాది జరిగే కచేరీల పట్టిక ఒకసారి చదవండి.

ఇక మన లోటు గురించి, నిజానికి ఈ జవాబులో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయం గురించి. మన జిల్లాల్లో పియానో నేర్చుకునే పిల్లలు ఒంటరిగా నేర్చుకుంటారు. గ్రేడు పరీక్షకు మూడు పీసులు, స్కేళ్లు, ఒక సైట్ రీడింగ్ (చూడని నొటేషన్‌ను అప్పటికప్పుడు చదివి వాయించడం). ఏడాది మొత్తం వాటితోనే గడుస్తుంది. పక్కన ఒక వయొలిన్ ఉండదు, షూబర్ట్ పాటలు పాడే గొంతు ఉండదు. కచేరీలో గాయకుడి పక్కన ఒక్కసారి కూడా కూర్చోకుండా మృదంగం నేర్చుకున్నవారి చేతిలో లెక్క ఉంటుంది కానీ, పాట ఎటు పోతోందో పట్టుకునే చెవి ఉండదు. మన పియానో పిల్లల పరిస్థితి కూడా అదే. అమెరికాలో ఆడిషన్‌కు కావలసిన బాఖ్ ఫ్యూగ్, బీథోవెన్ సొనాటా, ఒక ఎట్యూడ్ వీళ్లు కష్టపడి చక్కగా సిద్ధం చేస్తారు. సీటు కూడా వస్తుంది. ఆ తర్వాత ఒక సోప్రానో, అంటే ఎత్తు గొంతు గాయని, వచ్చి ఐదు పాటలు చేతిలో పెట్టి ఎల్లుండి రిహార్సల్ అంటే అప్పుడు తెలుస్తుంది ఏది నేర్చుకోలేదో.

చర్చిలో వాయించిన అనుభవం ఇక్కడ సగం ఉపయోగపడుతుంది, సగం అడ్డుపడుతుంది. నాలుగు గొంతుల హిమ్‌లను నొటేషన్ చూసి వాయించే అలవాటు మీ అమ్మాయికి ఉంటే అది గొప్ప పెట్టుబడి. నాలుగు వరుసలను ఒకేసారి చదివే కన్ను అక్కడే తయారవుతుంది. పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోట ఆగడం, సంఘం నెమ్మదిస్తే చేయి కూడా నెమ్మదించడం పుస్తకంతో రావు. ఆదివారం ఆరాధనల్లో వాయిస్తూ వాయిస్తూ వస్తాయి. కానీ మన చర్చి కీబోర్డుల్లో శృతి మార్చే బటన్ ఒకటి ఉంటుంది. పాడేవారికి శృతి ఎక్కువైతే బటన్ రెండుసార్లు నొక్కి, అవే మీటల మీద అవే వేళ్లతో కీర్తన నడిపిస్తాం. గ్రాండ్ పియానోకు ఆ బటన్ ఉండదు. షూబర్ట్ పాటలను ఎత్తు గొంతుకూ, మధ్యమ గొంతుకూ, మంద్ర గొంతుకూ వేర్వేరు శృతుల్లో అచ్చు వేస్తారు. 1815లో జి మైనర్‌లో రాసిన ఎర్ల్‌కోనిగ్ అనే పాటను మీ అమ్మాయి నేర్చుకుని సిద్ధంగా ఉంటే, బారిటోన్ (మధ్యమ స్థాయి మగ గొంతు) విద్యార్థి ఇంకో మెట్టు కిందికి దించిన ప్రతి పట్టుకొస్తాడు. కుడిచేతిలో ఆపకుండా కొట్టే ఆ ఆక్టేవ్‌లు ఇప్పుడు వేరే మీటల మీద పడతాయి. చెవికి అదే పాట, చేతికి మాత్రం కొత్త పాట. ఇలాంటివి వారానికి రెండు మూడు ఎదురైతే ఏడాదిలో చేయి, కన్ను, చెవి ఒక్కటవుతాయి. ఎదురవకపోతే రెండేళ్ల తర్వాత కూడా వెళ్లినప్పటి విద్యే చేతిలో ఉంటుంది, నాలుగు సోలో పీసులు అదనంగా చేరతాయి అంతే.

తోడు వాయించడాన్ని సోలోకు పనికిరానివారు చేసే పనిగా చూసేవారు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. ఆ చూపు పాతబడి చాలాకాలమైంది. గ్వెండలిన్ కోల్డాఫ్‌స్కీ 1947లోనే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దానికోసం ప్రత్యేకంగా డిగ్రీ ఏర్పాటు చేయించారు. ఇప్పుడు ఆ విద్యలో డాక్టరేట్లు ఇచ్చే స్కూళ్లు ఎన్నో ఉన్నాయి. పియానిస్టుగా బతికేవారిలో ఎక్కువమందికి రోజూ అన్నం పెట్టే విద్య కూడా అదే.

ఇంత చెప్పాక అసిస్టెంట్‌షిప్‌లో ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. చిన్న స్కూల్లో పియానిస్టులు తక్కువ కావడం వరమే అయినా, పని ఎక్కువైతే అదే శాపమవుతుంది. వారానికి ఇన్ని గంటలని కాగితంలో రాస్తారు. సాధారణంగా పది నుంచి ఇరవై వరకు ఉంటుంది. ఆ గంటల్లోకి గాయకుల పాఠాలకు హాజరు కావడం, రిహార్సళ్లు, రిసైటళ్లు వస్తాయి. ఆ పాటలను ఇంట్లో కూర్చుని నేర్చుకునే సమయం చాలా చోట్ల ఆ లెక్కలోకి రాదు. సైట్ రీడింగ్ నెమ్మదిగా ఉన్న అమ్మాయికి పది గంటల పని ఇరవై ఐదు గంటలవుతుంది. నవంబరు, ఏప్రిల్ నెలల్లో సెమిస్టరు చివరి రిసైటళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. సరిగ్గా అప్పుడే తన సొంత పరీక్ష కూడా ఉంటుంది. మణికట్టు, మోచేయి నొప్పులు మొదలయ్యేది కూడా ఆ నెలల్లోనే. నొప్పిని ఓర్చుకుని వాయించడం మనవాళ్లకు గొప్పగా తోస్తుంది. పియానిస్టు చేతికి అంతకంటే చెడ్డ అలవాటు లేదు.

అందుకని చిన్న స్కూలుకు ఉత్తరం రాసి ఈ విషయాలు స్పష్టంగా అడగండి: ఒక సెమిస్టరులో ఎంతమంది విద్యార్థులను కేటాయిస్తారు, కాయిర్ లేదా ఒపేరా రిహార్సళ్లు కూడా వాయించాలా, సంగీతం చేతికి ఎన్ని వారాల ముందు వస్తుంది, పని కేటాయించేది ఎవరు, ఎక్కువైనప్పుడు ఎవరికి చెప్పుకోవాలి. చివరి ప్రశ్న చాలా ముఖ్యం. పని పంచే మనిషి, పియానో ప్రొఫెసరు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట విద్యార్థి నలిగిపోదు. ఇదే పని చేస్తున్న ఇప్పటి విద్యార్థి ఒకరి ఈమెయిల్ ఇవ్వమని అడిగితే చాలా స్కూళ్లు ఇస్తాయి. ఇవ్వడానికి వెనకాడితే దాన్ని కూడా ఒక జవాబుగానే తీసుకోండి.

వీసా సంగతి ఒకటి మన పిల్లలు తెలియక ఇబ్బంది పడతారు. ఎఫ్-1 వీసా మీద చదివేవారు క్లాసులు జరిగే కాలంలో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అసిస్టెంట్‌షిప్ గంటలు అందులోకే వస్తాయి. క్యాంపస్ బయట అనుమతి లేకుండా డబ్బు తీసుకుని వాయించడం అసలు కుదరదు. తోటి అమెరికా పియానిస్టులు ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించి, సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పి ఇంటి అద్దె సంపాదించుకుంటారు. మీ అమ్మాయికి చర్చిలో వాయించడం చిన్నప్పటి నుంచి అలవాటే అయినా అక్కడ జీతానికి వాయిస్తే వీసాకే ముప్పు. కాబట్టి పెద్ద స్కూలుకు వెళ్లి మిగతా ఖర్చు బయట పాఠాలు చెప్పి సంపాదించుకుంటుందన్న లెక్క ఎవరైనా వేస్తే దాన్ని కొట్టివేయండి.

ఇక పియానోల గురించి. మీ ఇంట్లో ఉన్నది డిజిటల్ పియానో అయి ఉంటుంది. కర్నూలు ఎండలో, గాలిలో తేమ ఉండని వేసవిలో, అసలు పియానో శృతి నిలవదు, దాన్ని సరిచేసేవారు బెంగళూరు నుంచో చెన్నై నుంచో రావాలి. కాబట్టి మీరు డిజిటల్ కొనడం సబబే. కానీ డిజిటల్ మీద సాధన చేసినవారి వేలికి శబ్దాన్ని తగ్గించడం రాదు, ఎందుకంటే ఆ పని బటన్ చేసిపెట్టింది. గ్రాండ్‌లో మీట ఎంత వేగంతో కిందికి దిగుతుందో అంత ధ్వని వస్తుంది. అతి మెల్లని స్వరం పలికించాలంటే వేలు ఆ వేగాన్ని తూచి దిగాలి. పైగా సెబాస్టియన్ ఎరార్డ్ కనిపెట్టిన, 1821లో పేటెంట్ పొందిన అమరిక వల్ల గ్రాండ్‌లో మీట పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ పలికించవచ్చు. గోడకు ఆనించి పెట్టే నిలువు పియానోలో, అంటే అప్‌రైట్‌లో, మామూలుగా అది కుదరదు. ఇందాక చెప్పిన ఎర్ల్‌కోనిగ్ అప్‌రైట్ మీద సాధన చేసి గ్రాండ్ మీద వాయించేవారి చేయి అందుకే తడబడుతుంది. పెద్ద స్కూళ్లలో ప్రాక్టీస్ భవనాలు పెద్దవే, కానీ వాటిలో చాలా గదుల్లో అప్‌రైట్లే ఉండవచ్చు. పియానో విద్యార్థులకే కేటాయించిన గ్రాండ్ గదులు ఎన్ని, తాళంచెవి ఇస్తారా, రాత్రి ఎన్ని గంటల దాకా తెరిచి ఉంచుతారు, పియానోలు చూసుకునే టెక్నీషియన్ స్కూల్లోనే ఉద్యోగా లేక అప్పుడప్పుడు వచ్చి పోతాడా అని రెండు చోట్లా అడగండి. అన్నీ స్టైన్‌వే పియానోలేనని కరపత్రంలో గర్వంగా వేసుకున్నా, చలికాలంలో హీటర్ల వేడికి గదులు ఎండిపోయి శృతి జారినప్పుడు వాటిని ఎవరూ పట్టించుకోకపోతే ఆ బ్రాండు వల్ల మీ అమ్మాయికి ఒరిగేది ఏమీ లేదు.

అన్నిటికన్నా పెద్ద విషయం గురువు. స్కూలు పేరు పట్టాపై ఉంటుంది. చేతిలో ఉండేది గురువు ఇచ్చిన విద్య. పెద్ద స్కూల్లో పియానో ప్రొఫెసర్లు పది మందికి పైగా ఉండవచ్చు. సీటు వచ్చినంత మాత్రాన మీ అమ్మాయి కోరుకున్న ప్రొఫెసరు దగ్గర చోటు వచ్చినట్టు కాదు. ఆ విషయం సీటు ఇచ్చిన ఉత్తరంలో ఉందో లేదో చూడండి, లేకపోతే రాతపూర్వకంగా అడగండి. ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేసే కళాకారులు సెమిస్టరులో కొన్ని వారాలు ఊళ్లో ఉండకపోవచ్చు. అప్పుడు పాఠాలు ఎవరు చెబుతారు, తప్పిపోయినవి ఎలా పూరిస్తారు అని అడగడం అమర్యాద కాదు. చిన్న స్కూల్లో ప్రమాదం ఇంకో రకంగా ఉంటుంది. అక్కడ ఇద్దరో ముగ్గురో ప్రొఫెసర్లే ఉంటారు. వారిలో ఒకరు పదవీ విరమణ చేసినా, ఏడాది సెలవుపై వెళ్లినా, ఆ మనిషితో మీ అమ్మాయికి పొసగకపోయినా మారడానికి ఇంకో తలుపు ఉండదు.

కాబట్టి జవాబు చెప్పేముందు రెండు చోట్లా ఆ ప్రొఫెసరుతో ఒక పాఠం వీడియోలో అయినా ఏర్పాటు చేయించుకోండి. పాఠంలో ఏం గమనించాలో అమ్మాయికి చెప్పండి. ఆ ప్రొఫెసరు పీసు మొత్తం విని పొగిడి వదిలేశారా, లేక నాలుగు బార్ల దగ్గర ఆగి, భుజం ఎందుకు పైకి లేచిందో, ఎడమచేతి స్వరం కుడిచేతి కింద ఎందుకు మునిగిపోయిందో చూపించి, ఆ పదిహేను నిమిషాల్లోనే వాయింపులో మార్పు తెప్పించారా? మన పిల్లల్లో చాలామంది వేళ్లను గట్టిగా నొక్కే అలవాటుతో వెళ్తారు. దాన్ని విప్పి, చేతి బరువును మీటల్లోకి దించడం నేర్పడానికి ప్రతి వారం తప్పకుండా కనిపించే, సహనమున్న మనిషి కావాలి. ఏడాదికి నాలుగుసార్లు కనిపించే మహానుభావుడి వల్ల ఆ పని జరగదు. ఇప్పటికే చేయి స్థిరపడి, పోటీల్లో నెగ్గుకొస్తున్న పియానిస్టుకైతే నేను ఈ మాట అనను. అటువంటివారికి పెద్ద స్కూలే మేలు చేస్తుంది.

చదువయ్యాక కర్నూలులో పాఠాలు చెప్పాలన్న కోరిక విషయంలో మాత్రం పెద్ద స్కూలు వైపే త్రాసు మొగ్గుతుంది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో పియానో బోధనను ఒక శాస్త్రంగా నేర్పే కోర్సులు ఉంటాయి. పియానో ప్రధాన విషయం కాని విద్యార్థులకు ఒక గదిలో డజను పైగా డిజిటల్ పియానోలు, హెడ్‌ఫోన్లు పెట్టి ఒకేసారి నేర్పే తరగతులు ఉంటాయి, వాటికి బోధించే పని గ్రాడ్యుయేట్ విద్యార్థులకే అప్పగిస్తారు. కర్నూలులో ఒక్కొక్కరికి విడిగా గంట పాఠం చెబుతూ స్కూలు నడపడం కష్టం. అంత ఫీజు ఇవ్వగలిగే ఇళ్లు కొన్నే ఉంటాయి. ఎనిమిది మంది పిల్లలకు ఒకేసారి చక్కగా నేర్పడం వస్తే అదే స్కూలు నిలబడుతుంది. నేను అనంతపురంలో పిల్లలకు నేర్పుతున్నది ఆ పద్ధతిలోనే. కాబట్టి చిన్న స్కూల్లో బోధన కోర్సు ఉందా, రెండో ఏడు అసిస్టెంట్‌షిప్‌లో కొంత భాగాన్ని తోడు వాయించడం నుంచి బోధనకు మార్చే వీలుందా అని అడగండి. ఉందంటే పెద్ద స్కూలుకు ఉన్న ఈ ఆధిక్యం కూడా పోయినట్టే.

డబ్బు విషయంలో నా మాట కచ్చితంగానే ఉంటుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బయటి రాష్ట్రాల వారికి, విదేశీయులకు ఫీజు స్థానికుల కంటే చాలా చోట్ల రెండు మూడింతలు ఉంటుంది. అందులో సగం తగ్గించినా మిగిలిన సగం చిన్న మొత్తం కాదు. దాని మీద ఇంటి అద్దె, తిండి, ఆరోగ్య బీమా, రెండేళ్లు. చదువయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి కింద పని చేసుకోవడానికి 12 నెలలే దొరుకుతాయి. ఇంజినీరింగు పిల్లలకు అదనంగా దొరికే 24 నెలలు పియానో పర్ఫార్మెన్స్‌కు వర్తించవు. ఆ తర్వాత తిరిగి వచ్చి కర్నూలులో రూపాయల్లో సంపాదించి డాలర్లలో పెరిగిన అప్పు తీర్చాలి. పిల్లలకు పాఠాలు చెప్పి ఆ అప్పు తీర్చడం అయ్యే పని కాదు. అప్పు భారంతో వచ్చిన అమ్మాయి పియానో స్కూలు పెట్టదు, వేరే ఉద్యోగం వెతుక్కుంటుంది. అప్పుడు ఈ చదువు దేనికోసం చేసిందో ఆ పనే ఆగిపోతుంది. అందుకే ఇల్లు తాకట్టు పెట్టవద్దని మిమ్మల్ని ప్రాధేయపడుతున్నాను. చిన్న స్కూలు ఇస్తానన్న మాఫీ కూడా ట్యూషన్ వరకేనా, ఇతర ఫీజులు, బీమా విడిగా కట్టాలా, రెండో ఏడు కూడా అదే ఏర్పాటు కొనసాగుతుందని రాసిచ్చారా అన్నవి చూసుకోండి. రెండో ఏటి హామీ లేని మాఫీ సగం మాఫీతో సమానం.

ఏప్రిల్ 15 గురించి కంగారు పడకండి. ఆర్థిక సహాయంతో సీటు ఇచ్చినప్పుడు ఆ తేదీకి ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదని అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ఉంది. చాలా విశ్వవిద్యాలయాలు దానికి కట్టుబడి ఉంటాయి. ఈలోగా పెద్ద స్కూలుకు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి: మరోచోట పూర్తి మాఫీతో అసిస్టెంట్‌షిప్ వచ్చిందని, తమ దగ్గర చదవాలని ఉన్నా ఇప్పుడున్న సహాయంతో కుదరదని, ఇంకేమైనా అవకాశం ఉంటే తెలపమని. ఒక్కోసారి వేరే విద్యార్థి సీటు వదులుకున్నప్పుడు ఆ అసిస్టెంట్‌షిప్ ఖాళీ అవుతుంది, ఇలా అడిగినవారికే అది వెళ్తుంది. అది కూడా పూర్తి మాఫీ ఇచ్చి, కోరిన ప్రొఫెసరు దగ్గర చోటు రాసిస్తే, పైన చెప్పిన వినికిడి, బోధన రెండూ కలిసొస్తాయి కాబట్టి అప్పుడు పెద్దదాన్ని ఎంచుకున్నా నేను కాదనను. అలా జరగకపోతే చిన్నదానికి ఒప్పుకోండి. వద్దనుకున్న స్కూలుకు, ముఖ్యంగా అక్కడి ప్రొఫెసరుకు, అమ్మాయి స్వయంగా కృతజ్ఞత చెబుతూ నాలుగు వాక్యాలు రాయాలి. రెండేళ్ల తర్వాత డాక్టరేట్ చేయాలనిపిస్తే మళ్లీ అదే తలుపు తట్టవలసి రావచ్చు. పియానో ప్రొఫెసర్లు పోటీల్లో, వేసవి శిబిరాల్లో ఒకరినొకరు కలుస్తూనే ఉంటారు.

వెళ్లేలోపు మిగిలిన నాలుగు నెలల్లో అమ్మాయి చేత చేయించవలసిన పని ఒకటుంది. రోజుకు అరగంట, ఎప్పుడూ చూడని నొటేషన్‌ను, తప్పులు వచ్చినా ఆగకుండా, నెమ్మదైన లయలో చివరిదాకా వాయించాలి. ఆదివారం చర్చిలో ఆ శృతి మార్చే బటన్ ముట్టుకోకుండా కీర్తనలను చేత్తోనే ఒక మెట్టు కిందికి దించి వాయించాలి. సెప్టెంబరులో మొదటి గాయకుడు పాటల కట్ట తెచ్చి ఇచ్చినప్పుడు ఆమెకు కావలసింది ఆ అరగంట సాధనే.